మందలో మూడో వంతు అమ్మేద్దామంటున్నాడు మా అన్నయ్య

పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం సారాంశం ఇది. మాంసం కోసం పెంచే పశువుల మంద తండ్రి పోయాక ఆమెకూ అన్నయ్యకూ ఉమ్మడిగా వచ్చింది. మందను చూసుకునేది అన్నయ్య, పద్దులు రాసేది ఈమె. ఉండేది ఉపఉష్ణ మండలంలో. వేసవి పొడుగు, గాలిలో తేమ ఎక్కువ, రాత్రిళ్లు కూడా చల్లబడదు. చలికాలం తీవ్రంగా ఉండదు గానీ ఆ నెలల్లో పచ్చికలో పస ఉండదు. మందలో బ్రిటిష్ జాతి ఆంగస్ ఆవులు 70, మూపురం ఉండే బ్రాహ్మన్ ఆవులు 60, ఈ రెండింటికీ పుట్టిన మొదటి తరం సంకరం ఆవులు 50 ఉన్నాయి. ఈసారి 90 రోజుల దాటింపు సీజన్ ముగిశాక డాక్టరుగారు చూడి పరీక్ష చేస్తే ఆంగస్‌లో 59, బ్రాహ్మన్‌లో 42, సంకరంలో 46 చూడివిగా తేలాయి. వరసగా 84, 70, 92 శాతం.

"ఆ 70 శాతం చూసినప్పటి నుంచి అన్నయ్యది ఒకటే మాట. వచ్చే సీజన్ లోపు బ్రాహ్మన్ ఆవులన్నీ అమ్మేసి ఆ డబ్బుతో ఆంగస్ కొందామని. నాన్న జీవితమంతా ఏరి ఏరి నిలబెట్టిన మంద అది. నేను వద్దంటే 'నువ్వు రాసిన లెక్కే కదా' అంటాడు. వదిన ముందు, పనివాళ్ల ముందు కూడా అదే మాట. ఇంట్లో టెన్షన్ తట్టుకోలేకపోతున్నాను. ఏ జాతి మంచిదో మీరు ఒక్క మాట చెప్పేస్తే అదే చూపిస్తాను" అని అడిగారు. ఉత్తరంతో పాటు పద్దు పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపారు.

అమ్మా, మీరడిగిన ఆ ఒక్క మాట నేను చెప్పను. చెప్తే రేపు అన్నయ్య ఇంకొకరి చేత ఇంకో మాట చెప్పిస్తాడు. అప్పుడు గొడవ మా ఇద్దరికీ అంటుకుంటుంది తప్ప మీ ఇంట్లో తగ్గదు. అయినా నా మాట కన్నా మీరు పంపిన పేజీల్లోనే ఎక్కువ సరుకుంది. ప్రతి ఆవు నంబరు పక్కన అది ఎన్నో ఈతలో ఉందో మీరు రాసిపెట్టారు. ఉత్తరంలో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. నేను కూర్చుని విడదీశాను.

మీ 60 బ్రాహ్మన్ ఆవుల్లో 22 తొలిచూలువి. అంటే మొదటి దూడ ఇంకా పాలు తాగుతుండగా రెండోసారి చూడి కట్టాల్సినవి. వాటిలో కట్టినవి 9. మిగతా 38 ముదురు ఆవుల్లో కట్టినవి 33. ఆంగస్‌కి వస్తే 70లో తొలిచూలువి తొమ్మిదే, వాటిలో 5 కట్టాయి. మిగతా 61లో 54 కట్టాయి. ముదురు ఆవుల వరకే చూస్తే బ్రాహ్మన్ 87 శాతం, ఆంగస్ 89 శాతం. తేడా లేనట్టే. అన్నయ్యకి కనిపించిన 14 శాతం తేడాలో చాలా భాగం ఆ 22 తొలిచూలు ఆవులు తెచ్చిపెట్టినదే. రెండు గుంపుల్లో వయసుల పొందిక వేరైనప్పుడు మొత్తం శాతాలను పక్కపక్కన పెడితే, జాతిని పోలుస్తున్నామనుకుంటూ వయసును పోలుస్తాం.

ఇది చదవగానే అన్నయ్య దగ్గరికి పరిగెత్తకండి. కథ సగమే అయింది. 22లో 9 అంటే 41 శాతం. అది నిజమైన జబ్బే, దాన్ని దాచకూడదు. తొమ్మిదింట్లో ఐదు కట్టిన ఆంగస్ తొలిచూలు గుంపు గురించి గట్టిగా ఏమీ చెప్పలేం, అందులో ఒక్క ఆవు అటూ ఇటూ అయితే 11 శాతం మారిపోతుంది. బ్రాహ్మన్ తొలిచూలు ఆవు రెండోసారి కట్టడానికి ఇబ్బంది పడటం మాత్రం మీ మందలో పుట్టిన వింత కాదు, మూపురం ఉన్న జాతులన్నింటిలోనూ ఎరిగిన విషయమే.

కారణాలు కొన్ని ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆంగస్, హియర్‌ఫర్డ్ లాంటి యూరప్ జాతుల్లో చూలు కాలం సుమారు 283 రోజులు. బ్రాహ్మన్‌లో సుమారు 292. ఏడాదికొక ఈత కావాలంటే ఆంగస్ ఆవుకి ఈనిన తర్వాత 82 రోజుల గడువుంటుంది, బ్రాహ్మన్ ఆవుకి 73 రోజులే. తొమ్మిది రోజులే కదా అనిపిస్తుంది, 90 రోజుల సీజన్‌లో చివర కట్టిన ఆవుకి ఆ తొమ్మిది రోజులే కొంప ముంచుతాయి. పైగా బ్రాహ్మన్ పెయ్య ఎదకు రావడమే ఆలస్యం. ఆంగస్ పెయ్యలు ఏడాది దాటుతూనే ఎదకు వస్తే, ఇవి చాలాసార్లు ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా తీసుకుంటాయి. రెండింటినీ ఒకే వయసులో, ఒకే రోజున ఆంబోతు దగ్గరికి వదిలితే బ్రాహ్మన్ పెయ్య సీజన్ చివర కడుతుంది, చివర ఈనుతుంది. ఒళ్లు పెరగడం ఆగకముందే పాలివ్వాల్సి రావడంతో మళ్లీ ఎదకు రావడానికి ఒంట్లో సత్తువ మిగలదు. దూడ రోజంతా పొదుగును కుమ్ముతూ తాగుతుంటే ఎద ఇంకా వెనక్కి పోతుంది. ఇది అన్ని జాతుల్లో ఉన్నా, ఒళ్లు తగ్గిన బ్రాహ్మన్ తొలిచూలు ఆవులో ప్రభావం ఎక్కువ.

మీ పేజీల్లో ఇంకో విషయం నా కళ్లలో పడింది. మొదటి మూడు వారాలు ఉదయం, సాయంత్రం ఎద గమనించి కృత్రిమ గర్భధారణ సూది వేయించారు, ఆ తర్వాతే ఆంబోతులను వదిలారు. ఆంగస్ ఆవు ఎదలో ఉంటే గుడ్డివాడికైనా తెలుస్తుంది, అరుస్తుంది, ఇంకో ఆవు మీదకెక్కుతుంది, ఎక్కించుకుంటుంది. బ్రాహ్మన్ ఎద తక్కువ గంటలుంటుంది, పది పన్నెండు గంటల్లో అయిపోవచ్చు. చాలాసార్లు రాత్రిపూట వచ్చి పోతుంది. తెల్లారి మీ మనిషి వెళ్లేసరికి ఆవు మామూలుగా మేస్తూ ఉంటుంది. తోక మొదట్లో వెంట్రుకలు చెదిరి, వెనక కాలికి జిగట తీగ ఎండి అంటుకుని ఉంటే తప్ప ఆనవాలుండదు. మూగ ఎద అని వదిలేసినవాటిలో చాలా భాగం ఇలా చూడని ఎదలే. సూది పద్ధతి కొనసాగించాలంటే బ్రాహ్మన్ గుంపుకి ఎద చూడనక్కర్లేకుండా హార్మోన్లతో అన్నింటినీ ఒక్క గడియకు తెచ్చి, లెక్క ప్రకారం వేసే విధానం మేలు. బ్రెజిల్‌లో లక్షలాది నెలోర్ ఆవులకు ఇదే చేస్తున్నారు. ఆ నెలోర్ మన ఒంగోలు జాతి సంతతే. బ్రాహ్మన్ రక్తంలోనూ ఒంగోలు ఉంది కాబట్టి, మీ నాన్నగారి మంద మీద నాకు కాస్త పక్షపాతం ఉందేమో మీరే గమనించుకోండి.

ఇక ఆంగస్ సంగతి. అన్నయ్య ఉద్దేశం కొత్తగా 60 ఆంగస్ ఆవులు కొనడం. ఎక్కడి నుంచి? ఇది అడగండి. 1960ల్లో అమెరికాలో ఒక మంచి ప్రయోగం మొదలైంది. చలి ప్రాంతమైన మోంటానాలోని మైల్స్ సిటీ పరిశోధన కేంద్రం, ఉపఉష్ణ మండలంలోని ఫ్లోరిడా బ్రూక్స్‌విల్ కేంద్రం తమ హియర్‌ఫర్డ్ పశువులను మార్చుకున్నాయి. రెండూ ఒకే జాతి. అయినా ఏ చోటి మంద ఆ చోటే మెరుగ్గా చేసింది. చలిదేశపు పశువు వేడి ప్రాంతంలో కట్టడంలోనూ, దూడ పెంచడంలోనూ అక్కడి దాయాది కంటే వెనకబడింది. మీ దగ్గరున్న 70 ఆంగస్ ఆవులు ఏళ్ల తరబడి మీ వేసవిలో గాలింపు అయి నిలిచినవి, నిలవనివి ఎప్పుడో అమ్ముడయ్యాయి. వాటి 84 శాతం చూసి, కొత్తగా వచ్చే 60 కూడా అంతే కడతాయని లెక్క వేస్తే ఆశకి పోయినట్టే.

వేడి ఎక్కడ దెబ్బ కొడుతుందో కూడా చెప్పాలి. ఆవు మేత తగ్గించడం, ఎద బలహీనపడటం పైకి కనిపించేవి. కనిపించనిది గర్భం కట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో జరుగుతుంది. అప్పటి పిండం వేడికి చాలా సున్నితం. ఒళ్లు కాగిన ఆవులో అది అక్కడే పోతుంది. ఆవు మళ్లీ ఎదకొస్తే మనం పొర్లిందంటాం. మూపురం జాతుల పిండాలు కణాల స్థాయిలోనే వేడిని మెరుగ్గా తట్టుకుంటాయని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధనల్లో తేలింది. పగలెంత ఎండ కాసినా రాత్రి చల్లబడితే ఆంగస్ తట్టుకుంటుంది. మీరు రాసినట్టు రాత్రి కూడా ఉక్కపోత ఉంటే పగటి వేడి ఒంట్లోనే మిగిలిపోతుంది. మీ సీజన్ వేసవిలోకి ఎంత జరిగితే ఆంగస్ అంకె అంత పడుతుంది. ఒక ఏడాది అంకె పెట్టుకుని జాతిని తీర్పు తీర్చకూడదని నేననేది ఇందుకే.

ఇక్కడ బ్రాహ్మన్‌కి వ్యతిరేకంగా ఒక మాట చెప్పాలి, మీకు నచ్చకపోవచ్చు. మీ పుస్తకంలో చూడి పరీక్ష ఉంది, ఈనిన తేదీ ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. పుట్టిన దూడల్లో తల్లిపాలు మాన్పించే దాకా ఎన్ని బతికాయో రాయలేదు. బ్రాహ్మన్‌లో నష్టం తరచుగా అక్కడే ఉంటుంది. ముదురు ఆవుల్లో పొదుగు వేలాడి చన్నులు లావెక్కుతాయి. పుట్టిన దూడ నిలబడి తల్లి మెడ కింద, ముందు కాళ్ల మధ్య ముట్టెతో వెతుకుతుంది, చివరికి చన్ను దొరికినా నోట్లో పట్టదు. ముర్రుపాలు అందని దూడ రెండో రోజుకి నీరసించిపోతుంది. కొన్ని బ్రాహ్మన్ దూడలు పుట్టుకతోనే మందకొడిగా ఉండి పాలు తాగే చొరవే చూపవు. చలిగాలి, వాన కలిసిన రోజున పుట్టినవాటికి ఇంకా కష్టం. ఇవన్నీ లెక్కలోకి వస్తే మీ బ్రాహ్మన్ అంకె ఇంకొంచెం తగ్గినా నేను ఆశ్చర్యపోను. ఆంబోతుకి వదిలిన ప్రతి ఆవుకీ చివరికి ఎన్ని కిలోల దూడ చేతికొచ్చింది? జాతులను పోల్చడానికి నేను నమ్మే అంకె అదొక్కటే. చూడి శాతం దానికి మొదటి మెట్టు మాత్రమే.

అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కొట్టుకుంటూ మూడో వరసను వదిలేశారు. సంకరం ఆవులు 50లో 46. ఈ వాతావరణంలో బ్రాహ్మన్‌కీ బ్రిటిష్ జాతికీ పుట్టిన మొదటి తరం ఆవును మించినది దొరకడం కష్టం. ఎదకు త్వరగా వస్తుంది, వేడిని, పిడుదులను తట్టుకుంటుంది, పాలు దండిగా ఇస్తుంది, ఎక్కువ ఏళ్లు ఈనుతుంది. తల్లిదండ్రులు రెండు దూరపు జాతులైనందువల్ల వచ్చే బలం అది, కట్టడంలో, దూడను సాకడంలో అన్నింటికన్నా ఎక్కువ కనిపిస్తుంది. చిక్కేమిటంటే, సంకరాన్ని సంకరంతో దాటిస్తే ఆ బలం సగానికి పడిపోతుంది. కొత్త మొదటి తరం ఆవులు కావాలంటే రెండు వైపులా శుద్ధ జాతులు ఉండాల్సిందే. అన్నయ్య బ్రాహ్మన్ ఆవులన్నీ అమ్మితే, మందలో అందరికన్నా బాగా ఈనే ఆవుల పుట్టిల్లు అమ్మినట్టే.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

అన్నయ్య చెప్పినట్టు అంతా ఆంగస్ చేయడం ఒకటి. పని తేలికవుతుంది, పెయ్యలు త్వరగా ఎదకొస్తాయి, దూడలకు మంచి ధర పలుకుతుందన్న ఆయన వాదన చాలా మార్కెట్లలో నిజమే. బదులుగా సీజన్‌ను వేసవికి ముందే ముగించాలి, నీడ, నీళ్లు, పిడుదుల మందు ఖర్చు పెరుగుతుంది. సంకరం ఆవులు ముసలివై పోయాక వాటి స్థానంలో వచ్చేవాటిని ఎప్పటికీ బయట కొనాలి. చెడ్డ వేసవి ఒకటి వస్తే మంద మొత్తం ఒకేసారి దెబ్బతింటుంది.

బ్రాహ్మన్ గుంపును సగానికి తగ్గించి, ఉన్నవాటికి ఆంగస్ సూదులు వేయించి మొదటి తరం పెయ్యలు తీసుకోవడం ఇంకొకటి. బ్రాహ్మన్ తల్లి కడుపులో దూడ బరువు అదుపులో ఉంటుంది కాబట్టి ఈత సులువు. దీన్ని తిరగేసి ఆంగస్ ఆవుకి, అందులోనూ పెయ్యకి, బ్రాహ్మన్ ఆంబోతును దాటిస్తే దూడ బరువెక్కి ఈత కష్టమవుతుంది, అది వద్దు. ఈ దారిలో తొలిచూలు ఆవుల సమస్య పోదు, దాన్ని పనిగట్టుకుని చూడాలి. పెయ్య ముదురు ఆవు బరువులో 60 నుంచి 65 శాతం చేరాకే దాటించాలి, ముదురు ఆవుల కన్నా మూడు వారాల ముందు మొదలుపెట్టాలి, ఈనే నాటికి ఒళ్లు 9 పాయింట్ల కొలతలో (1 అంటే బాగా బక్క, 9 అంటే బాగా కొవ్వు) 6 దగ్గర ఉండాలి, తొలిచూలువాటిని వేరే మడిలో మేపాలి, కావాలంటే దూడను త్వరగా మాన్పించాలి. ఇవన్నీ చేసేది అన్నయ్య. ఆయన మనసు పెట్టకపోతే ఈ దారి కాగితం మీదే ఉంటుంది. నాకు మొగ్గు ఇటే అయినా ఈ షరతు మరవకండి.

మూడోది, అన్నింటికీ బ్రాంగస్ ఆంబోతులు పెట్టి కొన్నేళ్లలో ఒకే రకం మందగా మార్చుకోవడం. బ్రాంగస్‌లో బ్రాహ్మన్ ఎనిమిదింట మూడు వంతులు, ఆంగస్ ఐదు వంతులు. సంకర బలం పూర్తిగా రాదు, దాదాపు సగం నిలబడుతుంది. మీ ఇద్దరికీ గొడవ పడే ఓపిక అయిపోయి ఉంటే ఇది ప్రశాంతమైన దారి. మూపురం రక్తం పెద్దగా లేకుండానే వేడిని తట్టుకునే సెనెపోల్, రోమోసినువానో లాంటి పొట్టి వెంట్రుకల జాతులు కూడా ఉన్నాయి. మంచి ఆంబోతు అందుబాటులో ఉంటేనే వాటి గురించి ఆలోచించండి.

మందను పంచుకుని ఎవరి జాతి వాళ్లు చూసుకోవడం కూడా ఉత్తరం చివర్లో ఒక మాటగా రాశారు. చట్టప్రకారం వీలే. పశువుల లెక్కలో మాత్రం ఇద్దరూ నష్టపోతారు. ఆయన దగ్గర ఆంగస్, మీ దగ్గర బ్రాహ్మన్, సంకరం పెయ్య ఇద్దరి దగ్గరా లేదు.

అన్నయ్యతో మాట్లాడే సంగతికొస్తే, "నాన్న మంద" అనే మాట ముందు పెట్టకండి. ఆయనకీ ఆయన నాన్నే. వట్టి ఆవు ఏడాదంతా మేస్తుంది, చేతికి ఏమీ ఇవ్వదు, ఆ దిగులు మోసేది ఆయన. నలుగురిలో మిమ్మల్ని అనడం తప్పే, ఆ మాట విడిగా ఉన్నప్పుడు చెప్పండి, లెక్కలతో కలపకండి. లెక్కల దగ్గర మాత్రం "నేను రాసిన లెక్కే అన్నయ్యా, సగమే చదివాం" అని పేజీలు ముందు పెట్టి, ఈతల వారీగా ఆయన చేతే కూడించండి. మీరు కూడి చెప్తే వాదన అవుతుంది, ఆయన కూడితే లెక్క అవుతుంది.

ఆయనకి మీరు ఇవ్వగలిగింది కూడా ఉంది. ఈసారి వట్టివిగా తేలినవి ఆంగస్‌లో 11, బ్రాహ్మన్‌లో 18, సంకరంలో 4. వీటిలో ఈతల పేజీ ప్రకారం ముదురు ఆవులైనవి ఆంగస్‌లో 7, బ్రాహ్మన్‌లో 5. జాతి చూడకుండా వట్టి ముదురు ఆవులన్నీ అమ్ముదామని మీరే అనండి. మిగిలిన 13 బ్రాహ్మన్ తొలిచూలు ఆవుల మీద రెండు అభిప్రాయాలుంటాయి. అన్నీ అమ్మేస్తే మందలో ఆలస్యంగా కట్టే రక్తం తగ్గుతుంది. బ్రాహ్మన్‌లో పెయ్య ఎదకొచ్చే వయసు, ఈనిన తర్వాత మళ్లీ ఎదకొచ్చే వ్యవధి తల్లి నుంచి కూతురికి గట్టిగానే దిగుతాయని ఆస్ట్రేలియా పరిశోధనల్లో తేలింది, కాబట్టి ఏరివేతకు ఫలితం ఉంటుంది. అన్నీ ఉంచితే, మేత చాలక కట్టనివాటికి ఇంకో అవకాశం ఇచ్చినట్టు, మేతా ఖర్చయినట్టు. నేనైతే ఒళ్లు బాగున్నా కట్టనివాటిని పంపేసి, బక్కచిక్కి కట్టనివాటిని ఒక్క సీజన్ ఉంచుతాను. ఏది ఏ రకమో పద్దు పుస్తకంలో తేలదు, అన్నయ్య మడిలో నిలబడి చూసి చెప్పాలి.

చివరగా ఆంబోతులు. బ్రాహ్మన్ గుంపుకి పెట్టిన రెండూ చిన్న వయసు కోడెలని, వాటికి పరీక్ష చేయించలేదని రాశారు. బ్రాహ్మన్ కోడెలు ఆంగస్ కన్నా ఆలస్యంగా పక్వానికి వస్తాయి. 60 ఆవుల మీద రెండు కోడెల్లో ఒకటి సరిగా లేకపోయినా ఆవుల శాతమే పడిపోయినట్టు కనిపిస్తుంది. ఏ జాతి ఉంచినా సీజన్‌కి ముందు అన్ని ఆంబోతులకూ వీర్యం, వృషణాల చుట్టుకొలత, కాళ్లు, కళ్లు పరీక్ష చేయించండి. కొత్త వీర్యం తయారవడానికి రెండు నెలలు పడుతుంది. వేసవి ఎండకి దెబ్బతిన్న ఆంబోతు వారం ముందు పరీక్షలో పట్టుబడితే అప్పటికప్పుడు చేయగలిగింది ఉండదు, రెండు నెలల ముందే డాక్టరుగారిని పిలిపించండి.